కాంటా మీద ఓడిపోకుండా: డ్రాగ్ కారుకు కలిపే ఇనుము

రోజూ ఆఫీసుకు తిరిగే కారును డ్రాగ్ రేసుకు, అంటే ఆగిన చోటు నుంచి తిన్నగా ఉరికే పందేనికి, తయారుచేసేవాళ్లు మొదట వెనక సీటు పీకేస్తారు. ఆపైన స్టెప్నీ, జాకీ, స్పీకర్లు. అందులో లెక్క ఉంది. 402 మీటర్ల పావు మైలుకు పట్టే సమయం, బరువును పవర్‌తో భాగిస్తే వచ్చే సంఖ్యకు ఘనమూలాన్ని బట్టి మారుతుంది. 15 సెకన్లలో చేరే 1000 కిలోల కారుకు 20 కిలోలు తీసేస్తే దాదాపు 0.1 సెకను కలిసొస్తుంది. ఈ పీకుడుకు హద్దుగానే కనీస బరువు నియమం: కాంటా మీద అంతకన్నా తక్కువ తూగితే ఓడినట్టే, అందుకే తక్కువైన మేర ఇనుము కలపాలి.

చాలా పోటీల్లో తూచేది పరుగు అయ్యాకే. డ్రైవరు హెల్మెట్, సూటుతో లోపలే ఉంటాడు, ట్యాంకులో మిగిలిందే లెక్క. పెట్రోలు లీటరు సుమారు 740 గ్రాములు. పొద్దున్న తూచాక సాయంత్రానికి 4 లీటర్లు కాలితే 3 కిలోలు పోయినట్టే. మే నెల హైదరాబాద్ ఎండలో ఆ సూటు వేసుకుని కూర్చున్న మనిషి చెమట రూపంలో ఇంకో కిలో వదిలేసినా ఆశ్చర్యం లేదు.

ఇంటి దగ్గర తూచుకోవాలంటే బాలానగర్, కాటేదాన్ వైపు లారీల ధర్మకాంటాలే దిక్కు. లారీ కాంటా సాధారణంగా 10 కిలోల మెట్లలో చూపిస్తుంది. 980 అని చీటీ వస్తే అసలు బరువు 975 కూడా కావచ్చు. కారును న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలి తూచాలి. ముందు చక్రాలను మాత్రమే ఎక్కించి ఇంకో చీటీ తీసుకోండి, అది తర్వాత పనికొస్తుంది.

కనీస బరువు 1000 అనుకుందాం. లోటు 20, కాంటా తేడాకు 5, పెట్రోలుకు 3, మొత్తం 28 కిలోలు. 300 × 300 × 20 మి.మీ. ఉక్కు పలక 14.1 కిలోలు తూగుతుంది కాబట్టి రెండు చాలు. అదే కొలత సీసం పలక 20 కిలోలు దాటుతుంది గానీ, సీసం మెత్తన. బోల్టు కింద నలిగి బిగువు వదిలేస్తుంది. చోటు ఇరుకైతే తప్ప ఉక్కే మేలు.

ఎక్కడ బిగించాలన్నదే అసలు సంగతి. మన రోడ్ల మీది చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవే. కారు ఉరికినప్పుడు బరువు వెనక్కి వాలుతుంది. 1000 కిలోల కారు, గురుత్వ కేంద్రం 55 సెం.మీ. ఎత్తులో, చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లు, త్వరణం 0.4 జి (జి అంటే భూమి గురుత్వ త్వరణం) అనుకుంటే ముందు చక్రాల మీద 90 కిలోలు తగ్గుతాయి. అంటే కాంటా మీద ముందు 600 చూపిన కారుకు లైను దగ్గర మిగిలేది 510. అందరూ చేసినట్టు స్టెప్నీ గుంతలో, వెనక ఇరుసుకు 40 సెం.మీ. అవతల పలకలు పడేస్తే ముందు నుంచి ఇంకో నాలుగున్నర కిలోలు లేచిపోతాయి. అవే పలకలను పక్క సీటు కాళ్ల దగ్గర, ముందు ఇరుసుకు 70 సెం.మీ. వెనక బిగిస్తే ముందు చక్రాలకు 20 కిలోలు వస్తాయి. రెండు చోట్లకూ తేడా దాదాపు 25 కిలోలు, అంటే టైరు పట్టులో ఇంచుమించు 5 శాతం. పాత కాంటెస్సా లాంటి, వెనక చక్రాలతో నడిచే కారుకైతే వెనక వైపే సరైన చోటు.

ఇసుక సంచులు, నీళ్ల డబ్బాలు, జిప్ టైలు కుదరవు. బరువు విడి వస్తువుగా కాక గట్టి దిమ్మెగా, పనిముట్లతో బిగించి, తనిఖీదారు సీలు వేయగలిగేలా క్యాబిన్ నేల మీద కనబడాలని ప్రపంచ మోటారు క్రీడల సంస్థ ఎఫ్ఐఏ నియమాలు అంటాయి. అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ లెక్క 100 పౌండ్లకు, అంటే 45 కిలోలకు, అర అంగుళం ఉక్కు బోల్టులు రెండు. మనకు 8.8 గ్రేడు (గట్టి ఉక్కు) ఎం12, అంటే 12 మి.మీ. బోల్టులు, వదులవకుండా లోపల నైలాన్ వలయం ఉండే నైలాక్ నట్లు రాణీగంజ్‌లో దొరుకుతాయి. రెండు చాలినా నాలుగు వేయడం మంచిది. గుద్దుకున్నప్పుడు 20 జి తగిలితే 28 కిలోల పలక 560 కిలోల బలంతో లాగుతుంది. నేల రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి అడుగున 3 మి.మీ. ఉక్కు పట్టీ పెట్టకపోతే బోల్టు తల రేకును చీల్చుకుని వచ్చేస్తుంది. డ్రిల్లు పెట్టేముందు కారు కిందికి దూరి బ్రేకు, పెట్రోలు పైపులు ఎటు పోతున్నాయో చూడాలి. కార్పెట్ మీదే పలక బిగిస్తే అది అణిగి నట్లు వదులవుతాయి, అంతమేర కత్తిరించేయండి.

బిగించాక అవుటర్ రింగ్ రోడ్డు మీద ఓ పరుగు తీసి చూద్దామనిపిస్తుంది. అనుమతి లేకుండా రోడ్ల మీద పందేలు, వేగం పరీక్షలు పెడితే శిక్ష వేసే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ఉన్నదే అందుకు. పోటీ రోజు పొద్దున్నే నిర్వాహకుల కాంటా ఎక్కించి, దానికీ మీ చీటీకీ తేడా రాసుకోండి. ఆ రోజుకు చెల్లే కాంటా అదొక్కటే. నట్టు నుంచి పలక మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తే, పరుగుకూ పరుగుకూ మధ్య స్పానరు తీయకుండానే వదులైందో లేదో తెలిసిపోతుంది.