ప్లేటో ఓడ, అరిస్టాటిల్ విందు

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోన్లో మీరిద్దరూ గొడవ పడ్డారు కదా, క్లాస్ లీడర్‌ని టీచరే పెట్టాలా, అందరూ ఓట్లేసి ఎన్నుకోవాలా అని. ఫోన్ పెట్టేశాక కూడా నాకు అదే ఆలోచన. ఎందుకంటే ఇలాంటి వాదమే గ్రీసులో ఓ గురువుకీ శిష్యుడికీ మధ్య దాదాపు 2,400 ఏళ్ల కిందట నడిచింది.

గురువు ప్లేటో. ఆయన ఊరు ఏథెన్స్. అక్కడ పౌరులు ప్నిక్స్ అనే గుట్ట మీద చేరి, చేతులెత్తి నిర్ణయాలు చేసేవాళ్లు, చాలా పదవులకి చీటీలు తీసినట్టు మనుషుల్ని తీసేవాళ్లు. అంత బాగా నడుపుకున్న ఊరే క్రీ.పూ. 399లో వందలమంది జ్యూరీని కూర్చోబెట్టి, ఓట్లు లెక్కపెట్టి మరీ, ప్లేటో ప్రాణంగా చూసుకున్న తన గురువు సోక్రటీస్‌కి మరణశిక్ష వేసింది. అప్పటికి ప్లేటోకి ముప్పై కూడా నిండలేదు. ఆయన రాసిన 'రిపబ్లిక్' పుస్తకంలో రాజ్యాన్ని ఓడతో పోల్చిన కథ ఉంది చూడండి, చుక్కలూ గాలీ తెలిసినవాణ్ణి పనికిమాలినవాడని పక్కకి నెట్టి, ఏమీ తెలియని నావికులు చుక్కాని కోసం కొట్టుకుంటారు. అది చదివినప్పుడల్లా నాకు గురువుని పోగొట్టుకున్న కుర్రాడి దుఃఖమే వినపడుతుంది. అందుకే ఆయన జ్ఞానులే రాజులు కావాలన్నాడు. వాళ్లకి సొంత ఆస్తి ఉండకూడదన్నాడు. ఆడవాళ్లూ పాలించవచ్చన్నాడు, ఆ రోజుల్లో!

చెప్పి ఊరుకోలేదు. సిసిలీలో సిరక్యూస్ అనే నగరానికి మూడుసార్లు సముద్రం దాటి వెళ్లాడు, చివరి రెండుసార్లు అక్కడి కుర్ర నియంత రెండో డయోనిసియస్‌ని తీర్చిదిద్దుదామని. కుదరలేదు. ముసలితనంలో రాసిన 'లాస్' (అంటే చట్టాలు) అనే పుస్తకంలో ఇక మనిషి మీద కాకుండా చట్టం మీదే ఎక్కువ భారం వేశాడు.

శిష్యుడు అరిస్టాటిల్ ఇరవై ఏళ్లు ఆయన దగ్గరే చదివాడు, కానీ దారి మార్చాడు. ఊహలో ఒక రాజ్యం కట్టేకన్నా ఉన్నవి చూద్దామని శిష్యులతో కలిసి 158 రాజ్యాల పాలనా పద్ధతులు పోగుచేయించాడని చెబుతారు. వాటిలో ఏథెన్స్‌ది ఒక్కటే మనకి దాదాపు పూర్తిగా దక్కింది, అదీ ఈజిప్టులో దొరికిన పపైరస్ అనే రెల్లు కాగితం చుట్టల మీద, 1891లో అచ్చయింది. ఆయన మాట ఒకటి నాకు చాలా ఇష్టం. విందు బాగుందో లేదో వంటవాడి కన్నా తిన్నవాడే బాగా చెబుతాడట. నిజమే కదా, నా పప్పులో ఉప్పెక్కువైందని మీరు చెబితేనే కదా నాకు తెలిసేది! పాలన కూడా అంతేనని, తలా కొంచెం తెలిసిన పదిమంది కలిస్తే ఒక్క తెలివైనవాడి కన్నా మెరుగ్గా తేల్చవచ్చని ఆయన వాదన.

కానీ ఇదే మనిషి కొందరు పుట్టుకతోనే బానిసలన్నాడు, ఆడవాళ్లని మళ్లీ ఇంట్లో కూర్చోబెట్టాడు. అది నేను క్షమించలేను. ఏథెన్స్‌లో ఓట్లేసే ఆ గుట్ట మీద కూడా ఆడవాళ్లు లేరు, బానిసలు లేరు, పక్క ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లూ లేరు. అరిస్టాటిల్ పుట్టింది స్టాగిరాలో. ఏళ్ల తరబడి ఏథెన్స్‌లో బతికినా ఆయనకి కూడా అక్కడ ఓటు లేదు.

మీ క్లాసులో ఓట్లు పెడితే, కొత్తగా చేరిన పిల్లలకి కూడా చీటీ ఇస్తారా? ఇద్దరూ మాట్లాడుకుని ఆదివారం ఫోన్ చేయండి.

మీ అమ్మమ్మ