గీతా ముఖర్జీ కమిటీ: మహిళా రిజర్వేషన్ చట్టంలో ఏం మిగిలింది, ఏం పోయింది

2023 సెప్టెంబర్ 20న లోక్‌సభలో మహిళా రిజర్వేషన్ బిల్లుకు అనుకూలంగా 454 ఓట్లు, వ్యతిరేకంగా 2 ఓట్లు పడ్డాయి. ఆ రెండింటిలో ఒకటి హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీది. బీసీ మహిళలకు, ముస్లిం మహిళలకు అందులో విడిగా వాటా లేదన్నది ఆయన అభ్యంతరం. ముస్లింల మాట అలా ఉంచితే, బీసీ వాటా పేచీ ఈ బిల్లుతో పాటే పుట్టింది. 1996లోనే ఒక పార్లమెంటరీ కమిటీ దాన్ని పరిశీలించి ఒక దారి చూపించింది. ఆ కమిటీకి నాయకత్వం వహించిన గీతా ముఖర్జీ పేరు మన దగ్గర ఇప్పుడు ఎంతమందికి గుర్తుందో చెప్పలేం.

1924లో పుట్టిన గీత విద్యార్థి ఉద్యమంలోంచి కమ్యూనిస్టు పార్టీలోకి వచ్చారు. 1967 నుంచి పదేళ్లు పశ్చిమ బెంగాల్ ఎమ్మెల్యే. భర్త విశ్వనాథ్ ముఖర్జీ సీపీఐ నేత. ఆయన అన్న అజయ్ ముఖర్జీ ఆ రోజుల్లో రాష్ట్ర ముఖ్యమంత్రి, అదీ వేరే పార్టీ నుంచి. అంటే ఇంట్లోనే రెండు పార్టీల రాజకీయం! 1980లో పాన్స్‌కురా నుంచి లోక్‌సభకు వెళ్లిన ఆమె వరుసగా ఏడుసార్లు అక్కడి నుంచే గెలిచారు. రాజకీయాల సందడిలోనూ పిల్లల కోసం పుస్తకాలు రాశారు.

అసలు చట్టసభల్లో ఆడవాళ్లకు సీట్లు కేటాయించాలన్న ఆలోచన ఆడవాళ్లందరికీ మొదటి నుంచీ నచ్చిందేం కాదు. 1947లో రాజ్యాంగ సభలో రేణుకా రే దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. స్వతంత్ర దేశంలో తమకు ప్రత్యేక రాయితీలు అక్కర్లేదని, సమర్థతే కొలమానం కావాలని ఆమె వాదన. 1974లో స్త్రీల స్థితిగతుల కమిటీ కూడా చట్టసభల్లో కోటా వద్దనే మెజారిటీగా తేల్చింది. కమిటీలోని వీణా మజుందార్, లోతికా సర్కార్ మాత్రం అసమ్మతి పత్రం రాశారు. అప్పటికే పాతికేళ్ల ఎన్నికల అనుభవం కళ్లముందుంది. పార్టీలు టికెట్లు ఇస్తే కదా సమర్థత బయటపడేది! చివరికి నెగ్గింది ఆ అసమ్మతి వాదనే. 73, 74వ రాజ్యాంగ సవరణలతో 1993 నుంచి పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో మూడో వంతు సీట్లు మహిళలకు వచ్చాయి. గ్రామానికి పనికొచ్చిన పద్ధతి పార్లమెంటుకు ఎందుకు పనికిరాదన్న ప్రశ్న ఆ తర్వాత సహజంగానే లేచింది.

1996 సెప్టెంబర్ 12న దేవెగౌడ ప్రభుత్వం లోక్‌సభ, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లు మహిళలకు కేటాయించే 81వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టింది. అప్పుడు లోక్‌సభలో మహిళలు 40 మంది దాకా ఉన్నారు. చర్చ లేకుండానే పాస్ చేయించేద్దామన్నంత ఊపు మొదట్లో కనిపించింది. బీసీ మహిళల సంగతేమిటని ఉమా భారతి లాంటి వాళ్లు అడిగేసరికి ఆ ఊపు ఆగింది. బిల్లు 31 మంది సభ్యుల సంయుక్త కమిటీకి వెళ్లింది. శరద్ పవార్, మమతా బెనర్జీ, నితీశ్ కుమార్, సుష్మా స్వరాజ్ లాంటి వాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చున్న కమిటీ అది. ఇలాంటి కమిటీలు గడువు మీద గడువు అడగడం మామూలే. గీతా ముఖర్జీ మాత్రం డిసెంబర్‌కల్లా, మూడు నెలల్లోపే నివేదిక ఇచ్చేశారు.

ఆ నివేదికలో నినాదాలు లేవు, ఆచరణకు సంబంధించిన పట్టింపులున్నాయి. ‘మూడో వంతుకు తగ్గకుండా’ అంటే రేపు కోర్టుల్లో గొడవ అవుతుందని, ‘వీలైనంత దగ్గరగా మూడో వంతు’ అని మార్చమన్నారు. 543 సీట్లు మూడుకు సరిగ్గా భాగిస్తే 181 వస్తాయి, చిక్కు లేదు. మరి నాగాలాండ్, మిజోరం, సిక్కిం లాంటి ఒక్క సీటు రాష్ట్రాల మాటేమిటి? అలాంటి చోట్ల ఏం చేయాలో కూడా కమిటీ ఆలోచించింది. రిజర్వేషన్ 15 ఏళ్లకు పరిమితం కావాలని, ఢిల్లీ అసెంబ్లీకీ వర్తించాలని, రాజ్యసభనూ శాసన మండళ్లనూ కలపాలని సూచించింది. బీసీల విషయంలో చెప్పింది సూటిగా ఉంది: చట్టసభల్లో బీసీలకు రిజర్వేషనే లేనప్పుడు బీసీ మహిళలకు వాటా ఎలా పెడతాం? ముందు దాన్ని బీసీలకు వర్తింపజేసే సంగతి ప్రభుత్వం తగిన సమయంలో ఆలోచించాలి, అప్పుడు వాళ్ల ఆడవాళ్లకూ లాభం అందుతుంది. నితీశ్ దీనితో తృప్తిపడక అసమ్మతి తెలిపారు. నా లెక్కలో మాత్రం ఈ పేచీకి ఇంతకంటే నిజాయితీ గల జవాబు ఆ తర్వాత పార్లమెంటులో ఎవరూ ఇవ్వలేదు.

జవాబు అవసరమైతే కదా వెతకడం! 1997లో శరద్ యాదవ్ ‘పర్‌కటీ’ ఆడవాళ్లంటూ జుట్టు కత్తిరించుకున్న నగర మహిళలను ఎద్దేవా చేశారు. 1998 జూలైలో, మన బాలయోగి స్పీకర్‌గా ఉండగా, ఆర్జేడీ ఎంపీ ఒకరు బిల్లు ప్రతులు లాక్కుని సభలోనే చించేశారు. 1999లో మళ్లీ పెట్టిన బిల్లు కూడా ముందుకు కదల్లేదు. 2000 మార్చి 4న, ఎంపీగా ఉండగానే, గీతా ముఖర్జీ గుండెపోటుతో చనిపోయారు. ఉప ఎన్నికలో పాన్స్‌కురా తృణమూల్ అభ్యర్థి విక్రమ్ సర్కార్ చేతికి వెళ్లింది. ఆమె పార్టీ కూడా మగ అభ్యర్థినే, గురుదాస్ దాస్‌గుప్తాను నిలబెట్టింది. మహిళా బిల్లు అంటే ముందుగా గుర్తొచ్చే నియోజకవర్గం గతే ఇదైతే మిగతావాటి గురించి చెప్పేదేముంది?

2008లో యూపీఏ ప్రభుత్వం తెలివిగా రాజ్యసభలో బిల్లు పెట్టింది. అది రద్దు కాని సభ కాబట్టి బిల్లు మురిగిపోదు. న్యాయమంత్రి భరద్వాజ్ చుట్టూ మహిళా మంత్రులు కాపలాగా కూర్చున్నారు. ప్రతులు లాక్కోబోయిన సమాజ్‌వాదీ సభ్యుణ్ణి రేణుకా చౌదరి నెట్టేశారు. గీతా ముఖర్జీ కమిటీ చేసిన ఏడు సూచనల్లో అయిదు ఈ బిల్లులోకి వచ్చాయి. రాజ్యసభ–మండళ్లు, బీసీలు, ఈ రెండూ రాలేదు. 2010 మార్చి 9న 186–1తో రాజ్యసభ దాటి, లోక్‌సభకు వెళ్లి, ఓటింగుకు రాకుండానే 2014లో సభతో పాటు ముగిసింది.

2023 చట్టం కూడా చాలావరకు ఆ దారినే నడిచింది. ‘వీలైనంత దగ్గరగా మూడో వంతు’ ఉంది, 15 ఏళ్ల గడువు ఉంది, ఢిల్లీ ఉంది. ఆ పాత రెండూ ఇందులోనూ లేవు. కొత్తగా చేరింది ఒక షరతు: చట్టం వచ్చాక జరిగే మొదటి జనగణన లెక్కలు వెలువడాలి, వాటి ఆధారంగా నియోజకవర్గాల పునర్విభజన జరగాలి, ఆ తర్వాతే రిజర్వేషన్. 1996 నివేదికలో ఈ ముడి లేదు. దీనివల్ల 2024 ఎన్నికలు పాత పద్ధతిలోనే జరిగి, లోక్‌సభకు 74 మంది మహిళలు గెలిచారు. 2019లో గెలిచినవారి కంటే నలుగురు తక్కువ.

జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1గా ప్రకటించారు. పునర్విభజన మరో పెద్ద తగాదా. జనాభా లెక్కన సీట్లు పంచితే తమ వాటా తగ్గుతుందని ఆంధ్ర, తెలంగాణ సహా దక్షిణాది రాష్ట్రాలు గోల పెడుతున్నాయి. ఆ గోలకూ ఆడవాళ్ల సీట్లకూ సహజంగా ఏ సంబంధమూ లేదు, చట్టంలో రాసిన ఆ ఒక్క షరతు తప్ప.