ఒక్క లైనే కదా, డిసేబుల్ చేసేద్దాం: అపోహలు - వాస్తవాలు

మొన్న సాయంత్రం మాదాపూర్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో టీ తాగుతుంటే, కొత్తగా చేరిన అబ్బాయి ల్యాప్‌టాప్ ఎత్తుకొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "అక్కా, ఈ లైను కింద ఎర్ర గీత పోవట్లేదు. డిసేబుల్ కామెంట్ పెట్టేస్తే అప్రైజల్‌లో ఏమైనా అంటారా?" ఒకటిన్నర రోజుగా దాంతోనే కుస్తీ పడుతున్నాడట. ఆ గీత గీసేది లింటర్, అంటే కోడ్ చదివి తప్పులు చూపించే టూల్. డిసేబుల్ కామెంట్ అంటే "ఇక్కడ పట్టించుకోకు" అని దానికి చెప్పే వరుస. అదే రోజు పొద్దున్న ఇంకొకరి పీఆర్ (రివ్యూకు పంపిన కోడ్) చూశాను. ఫైలు మొదటి వరుసలోనే లింటర్ నోరు నొక్కేసి, కింద నాలుగు వందల లైన్లు హాయిగా రాసుకుపోయారు. నా రివ్యూల్లో ఈ రెండు రకాలవాళ్ళూ ఎప్పుడూ తగులుతూనే ఉంటారు. అందుకే ఈ పోస్టు.

ముందు భయపడేవాళ్ళ సంగతి.

అపోహ: డిసేబుల్ కామెంట్ కనిపిస్తే చెడ్డ కోడర్ అనుకుంటారు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు గిట్‌హబ్‌లో ఇవే వెతికి రెజ్యూమే పక్కన పడేస్తారు.

అమీర్‌పేట హాస్టళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాట ఇది. ఎవరు పుట్టించారో గానీ, నేను ఇన్ని ఇంటర్వ్యూలు చేసి ఒక్కసారి కూడా వెతకలేదు. అంత తీరిక ఎవరికుందండీ? జావాస్క్రిప్ట్ కోసం 2002లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ తెచ్చిన జేఎస్‌లింట్ అనే లింటర్ కాస్త చండశాసనుడి టైపు, ఆయనకు నచ్చినదే పద్ధతి. 2013లో నికోలస్ జకాస్ మొదలుపెట్టిన ఈఎస్‌లింట్ అలా కాదు. ఏ రూల్ కావాలో, ఏది వద్దో మనమే చెప్పుకోవచ్చు. ఒక్క లైనుకు మినహాయింపు ఇవ్వడం కూడా అందులో ఉన్న సౌకర్యమే. దొంగతనంగా వాడాల్సిన పని లేదు.

ఇక అసలు కొంప ముంచేది.

అపోహ: కామెంట్ పెడితే నాకు కనిపించిన ఆ ఒక్క వార్నింగే ఆగుతుంది.

కాదు. రూల్ పేరు రాయకుండా ఉత్త ఈఎస్‌లింట్-డిసేబుల్-నెక్స్ట్-లైన్ అని వదిలేస్తే, కింది లైనులో అన్ని రూల్సూ ఆగిపోతాయి. ఇవాళ్టివే కాదు, రేపు ఆ లైనులో ఎవరైనా కొత్తగా చేసే తప్పు కూడా దాక్కుంటుంది.

నాలుగేళ్ళ క్రితం నేనొక డెలివరీ యాప్ మీద పనిచేసేదాన్ని. అందులో ఆర్డర్ స్టేటస్ 1 అవునా కాదా అని చూసే ఇఫ్ ఒకటి ఉండేది. బ్యాకెండ్ నుంచి ఆ 1 ఒక్కోసారి నంబర్‌గా, ఒక్కోసారి స్ట్రింగ్‌గా వచ్చేది. మూడు ఈక్వల్ గుర్తులు పెడితే రెండు వైపులా రకం కూడా ఒకటే కావాలి, స్ట్రింగ్ (అక్షరాల రూపం) వచ్చినప్పుడు పనిచేయదు కాబట్టి, రాసినాయన తెలిసే == పెట్టాడు. మూడు గుర్తులే వాడమనే ఈక్యూఈక్యూఈక్యూ రూల్ (పేరు పలకబోతే పిట్ట కూసినట్టుంటుంది) గొడవ చేసింది. ఆయన పైన ఉత్త డిసేబుల్ కామెంట్ పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజుకు కోడ్ కరెక్టే.

ఆరు నెలల తర్వాత డెలివరీ అయిన ఆర్డర్‌కు కోడ్ 1 బదులు 2 అయింది. ఒకటిని రెండు చేయాలి, అంతే. శుక్రవారం సాయంత్రం, ఇంటికెళ్ళే హడావిడిలో మార్చేటప్పుడు ఒక ఈక్వల్ గుర్తు ఎగిరిపోయింది. == కాస్తా = అయింది. ఇప్పుడది పోల్చడం కాదు, ప్రతి ఆర్డర్ స్టేటస్‌నూ 2 చేసేయడం. 2 అంటే జావాస్క్రిప్ట్‌కు ట్రూ కిందే లెక్క కాబట్టి, ఇఫ్ ప్రతిసారీ పాసవుతుంది. సరుకులు ఇంకా గోడౌన్‌లోనే ఉన్నా కస్టమర్ ఫోన్‌లో "డెలివరీ అయింది" అని చూపించింది. శనివారమంతా సపోర్ట్ వాళ్ళు తిట్లు తిన్నారు.

ఇఫ్‌లో పోల్చాల్సిన చోట = పడే ఇలాంటి పొరపాటు పట్టుకోవడానికే నో-కాండ్-అసైన్ అనే రూల్ ఉంది. ఈఎస్‌లింట్ రికమెండెడ్ సెట్‌లోనే వస్తుంది, మా ప్రాజెక్టులోనూ ఆన్‌లోనే ఉంది. పైనున్న ఆ కామెంట్ దాని నోరూ మూసేసింది. టెస్ట్ డేటాలో ఉన్నవన్నీ డెలివరీ అయిన ఆర్డర్లే కావడంతో టెస్టింగ్‌లోనూ దొరకలేదు. ఆ ఈక్వల్ గుర్తు ఎగరగొట్టింది నేనే. ఎర్ర గీత లేదు కదా అని నిమ్మదిగా కమిట్ చేశాను. రాత్రి పదకొండింటికి కూకట్‌పల్లిలో మా వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, అదే లైనును పదిసార్లు చదివి కూడా చూడలేకపోయాను.

అక్కడ ఉండాల్సింది ఇలా:

// ఈఎస్‌లింట్-డిసేబుల్-నెక్స్ట్-లైన్ ఈక్యూఈక్యూఈక్యూ -- స్టేటస్ ఒక్కోసారి స్ట్రింగ్‌గా వస్తోంది

రూల్ పేరు రాస్తే అదొక్కటే ఆగుతుంది, మిగతావి కాపలా కాస్తూనే ఉంటాయి. రెండు హైఫన్ల తర్వాత కారణం రాసుకోవచ్చు. 2020లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి ఈ సదుపాయం ఉంది. రెండు రూల్స్ ఆపాలంటే మధ్యలో కామా పెట్టండి. స్టేటస్ రాగానే నంబర్‌గా మార్చేస్తే కామెంటే అక్కర్లేదు కదా అంటారా, నిజమే. తర్వాత చేసింది అదే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

కామెంట్ల వల్ల యాప్ స్లో అవుతుందా? అవదు. లింటర్ కోడ్‌ను చదువుతుంది, నడపదు. బిల్డ్‌లో మినిఫై చేసేటప్పుడు (కోడ్‌ను కుదించేటప్పుడు) ఆ కామెంట్లు ఎలాగూ పోతాయి.

టైప్‌స్క్రిప్ట్ (రకాలు కూడా సరిచూసే జావాస్క్రిప్ట్) ఎర్రర్ కూడా దీంతో ఆగుతుందా? ఆగదు. దానికి టీఎస్-ఎక్స్‌పెక్ట్-ఎర్రర్ వేరే ఉంది. రెండు ఎర్ర గీతలూ ఒకేలా కనిపించడం వల్ల వచ్చే తికమక ఇది.

కామెంట్ పెట్టినా వార్నింగ్ పోవట్లేదంటే ఈఎస్‌లింట్ పాడైనట్టు కాదు. సేవ్ చేయగానే, కోడ్‌ను పొందికగా సర్దే ప్రెటియర్ అనే టూల్ ఆ పొడుగు లైనును నాలుగు ముక్కలు చేసి ఉంటుంది. తప్పున్న ముక్క మూడో వరుసలోకి దిగిపోయింది, మీ కామెంట్ మొదటి వరుసకే కాపలా కాస్తోంది.

జేఎస్ఎక్స్‌లో (జావాస్క్రిప్ట్‌లోనే హెచ్‌టీఎంఎల్ లాంటి ట్యాగులు రాసే పద్ధతి) ట్యాగుల మధ్య రెండు స్లాష్‌లు పెడితే అది కామెంట్ కాదు, స్క్రీన్ మీద అక్షరాలు. క్లయింట్ డెమోలో కార్ట్ బటన్ పైన డిసేబుల్-నెక్స్ట్-లైన్ అని కనిపించిన రోజు నేను గదిలోనే ఉన్నాను. కర్లీ బ్రాకెట్లలో స్లాష్-స్టార్ కామెంట్ పెట్టాలి.

పాత ప్రాజెక్టులో వందల వార్నింగ్‌లుంటే లైను లైనుకూ కామెంట్ అంటించక్కర్లేదు. 2025లో వచ్చిన ఈఎస్‌లింట్ 9.24 వెర్షన్ నుంచి పాతవన్నీ ఒక ఫైల్లో రాసి పెట్టి, కొత్తగా వచ్చేవాటినే ఎర్రర్‌గా చూపించే ఏర్పాటు ఉంది. పనికిరాకుండా మిగిలిపోయిన డిసేబుల్ కామెంట్లను 2024 నాటి 9వ వెర్షన్ నుంచి ఈఎస్‌లింటే వార్నింగ్‌గా చూపిస్తుంది. అప్‌గ్రేడ్ చేసిన రోజు కొత్త వార్నింగ్‌లు చూసి టెన్షన్ పడకండి, చాలావరకు ఇవే అయి ఉంటాయి.

క్యాంటీన్‌లో కూర్చున్న అబ్బాయి లైను విషయం మరిచాను. రియాక్ట్‌లో యూజ్‌ఎఫెక్ట్ డిపెండెన్సీల గొడవ, అంటే ఏవి మారితే ఎఫెక్ట్‌లోని కోడ్ మళ్ళీ నడవాలో చెప్పే లిస్టు. లింటర్ చెప్పినట్టు ఫంక్షన్ పేరు లిస్టులో చేరిస్తే ఏపీఐ కాల్ ఆగకుండా తిరుగుతోంది, తీసేస్తే గీత. ప్రతి రెండర్‌కూ (స్క్రీన్ మళ్ళీ గీసిన ప్రతిసారీ) ఆ ఫంక్షన్ కొత్తగా పుడుతోంది మరి. ఇంకెక్కడా వాడట్లేదు కాబట్టి దాన్ని ఎఫెక్ట్ లోపలికి జరపమన్నాను. గీత పోయింది, లూపూ ఆగింది. "ఇంతేనా అక్కా?" అని తల పట్టుకున్నాడు.