సంక్రాంతి ముగ్గు లాంటి నాణెం

చిట్టీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. కార్డిఫ్ నుంచి లాంట్రిసాంట్‌లోని బ్రిటన్ టంకశాలకు వెళ్లారనీ, అద్దంలా మెరిసే వెండి నాణేలు చూశారనీ చదివి చాలా సంతోషించాను. "ఖర్చు పెట్టని డబ్బు ఎందుకు చేస్తారు తాతయ్యా?" అని చిట్టి అడిగింది.

మీ నాయనమ్మ రోజూ వాకిట్లో నీళ్లు చల్లి, నాలుగు చుక్కలు పెట్టి ముగ్గేసి, పాలు కాచడానికి లోపలికి పోతుంది. కాసేపటికి దాని మీదుగా సైకిళ్లు పోతాయి. ఎవరూ ఏమీ అనుకోరు. అది మామూలు నాణెం. సంక్రాంతికి అలా కాదు. ముందురోజే ఊడ్చి, పేడతో అలికి, ఆరాక మళ్లీ అలుకుతుంది. నేల నున్నగా, నల్లగా అయ్యాక తెల్లటి పిండితో ముగ్గు పెడుతుంది. ఎవరైనా కాలు పెడితే ఊరుకోదు. అది ప్రూఫ్ నాణెం, అంటే మీరు చూసినలాంటిది, ఖర్చుకు కాక దాచుకోవడానికి చేసేది.

టంకశాలలోనూ అంతే. అచ్చును అద్దంలా మెరుగుపెట్టి, బొమ్మ చెక్కిన గుంతల్ని మాత్రం కాస్త గరుకుగా ఉంచుతారు. వెండి బిళ్లకూ మెరుగుపెట్టి, ఒక్కొక్కదాన్నే అచ్చు మధ్య ఉంచి, ఒకటికి రెండుసార్లు గట్టిగా కొడతారు. అందుకే ఖాళీ జాగా నిలవనీళ్లలా నల్లగా, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా కనిపిస్తాయి. అలికిన వాకిలి, దాని మీద పిండి! అచ్చు బాగా కుదిరిందో లేదో చూసుకోవడానికి మొదట్లో ఇలా కొట్టేవారు. తర్వాత దాచుకునేవాళ్ల కోసమే చేయసాగారు.

వాటిలో నాకు ప్రాణమైనది 1847 నాటి గోథిక్ క్రౌన్. క్రౌన్ అంటే అయిదు షిల్లింగులు. అలాంటివి 8,000 మాత్రమే చేశారు. విక్టోరియా రాణి జడల్లో ఒక్కో పాయనూ లెక్కపెట్టవచ్చు. చెక్కినవాడు విలియం వయన్. అంచు మీద లాటిన్‌లో 'అలంకారం, రక్షణ' అనే మాటలుంటాయి. పూర్వం దొంగలు నాణేల అంచులు కత్తిరించి వెండి కాజేసేవారు. అంచున అక్షరాలుంటే కత్తిరింపు ఇట్టే తెలిసిపోతుంది. ముగ్గు చుట్టూ నాయనమ్మ గీసే గట్టు కూడా అలంకారమే, కాపలానే.

నా చిన్నప్పుడు మా నాయనమ్మ దేవుడి పీట మీద విక్టోరియా రూపాయి ఒకటి ఉండేది. రూపాయి ఎత్తు వెండి అంటే తులం. గోథిక్ క్రౌన్ దాదాపు రెండున్నర తులాలు తూగుతుంది. నాకు పదేళ్లప్పుడు, పండక్కి మెరిపిద్దామని ఆ రూపాయిని చింతపండూ ముగ్గుపిండీ వేసి అరగంట తోమాను. తళతళలాడింది. తాతగారికి చూపిస్తే ఆయన దాన్ని చాలాసేపు వెలుగుకు తిప్పి చూసి, "ఆ నలుపు నాకంటే ముసలిదిరా" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. రాణి జుట్టులో సన్న గీతలు సగం పోయాయి. అవి మళ్లీ రావు.

గాలిలోని గంధకం తగిలి వెండి నల్లబడుతుంది. ఆ రంగు నాణెం వయసు. పాత నాణేన్ని ఎప్పుడూ తోమకండి. అంచులతోనే పట్టుకోండి. ప్రూఫ్ నాణెం మీద వేలిముద్ర పడితే ముగ్గులో కాలు పెట్టినట్టే.

మామూలు చెలామణీ నాణేల్లో ఇంగ్లండువాళ్లు 1920లో వెండిని సగానికి తగ్గించారు, 1947లో పూర్తిగా తీసేశారు. నాకది ఇప్పటికీ బాధే.

నేను తోమిన రూపాయి 1840ది, ఈస్టిండియా కుంపెనీవాళ్లది. దాని మీది రాణి ముఖం కూడా వయన్ చెక్కిందే. అలాంటి కొన్నిటి మీద, మెడ కోసినట్టుండే చోట, అతని పేరు పొడి అక్షరాలు రెండు ఉంటాయి. రూపాయి ఇంకా పూజగదిలోనే ఉంది. వేసవికి వచ్చినప్పుడు భూతద్దం పెట్టి, దీపం పక్కగా పట్టుకుని వెతకండి. నా కళ్లకు ఆనడం లేదు. మీకు కనిపిస్తాయేమో.

మీ తాతయ్య