రైతుల సభకు జనం వస్తే సరిపోదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

చుట్టుపక్కల రైతుల్నీ, మంచి తిండి కోసం పోరే కార్యకర్తల్నీ ఒకచోట కూర్చోబెట్టే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. కుర్చీలు వేయించడం దగ్గర్నుంచి ఎక్కువసేపు మాట్లాడేవాళ్ల చేతిలోంచి మైకు తీసుకోవడం దాకా అన్నీ నా నెత్తినే. ప్రతి సభలోనూ కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినపడతాయి. వాటిలో రెండు మూడు నేనూ నమ్మినవే.

అపోహ: హాలు నిండితే సభ హిట్.

నా మొదటి సభకు హాలు నిండింది. తీరా చూస్తే రైతులు నలుగురే! కోతలు ముమ్మరంగా ఉన్న వారంలో, పొద్దున పదింటికి పెట్టాను మరి. ఆ నలుగురిలో ఒకాయన, "పశువులకు మేత వెయ్యాలండీ" అంటూ భోజనాలకు ముందే లేచి వెళ్లిపోయారు. అప్పట్నుంచీ తేదీ, టైము రైతుల్నే అడిగి పెడుతున్నా.

జనాన్ని లెక్కపెట్టడమూ మానేశాను. గోడకు పన్నెండు గళ్లున్న పెద్ద కాగితం అంటిస్తాం, నెలకో గడి. ఏ పంట ఏ నెలలో ఎంత వస్తుందో రైతులు చీటీ రాసి అంటిస్తారు. ఎంత కావాలో కొనేవాళ్లు వేరే రంగు చీటీ మీద రాస్తారు. ఒకసారి ఒకే గడిలో టమాటా చీటీలు ఏడు పడ్డాయి. పక్క గడిలో కొనేవాళ్ల చీటీలు తప్ప ఏమీ లేవు. కాసేపు అందరూ గోడకేసి చూస్తూ నిలబడ్డారు. చివరికి ఒకావిడ తన చీటీ పీకి పక్క గడిలో అంటించి, "నేను ఓ నెల ఆగి నారు పోసుకుంటాలే" అన్నారు. ఆ రోజు ప్రసంగాల్లో ఒక్కటీ నాకు గుర్తులేదు.

అపోహ: దళారీ పోతే లాభమంతా రైతుదే.

ఈ మాటకు చప్పట్లు గ్యారంటీ. దళారీని తీసేయొచ్చు కానీ ఆయన చేసే పని ఎక్కడికీ పోదు. సరుకు ఏరాలి, పెట్టెల్లో సర్దాలి, బండి మాట్లాడాలి, అమ్ముడుపోనిదాని నష్టం భరించాలి. అవసరానికి అడ్వాన్సు కూడా ఎవరో ఒకరు ఇవ్వాలి. నేరుగా అమ్మే రైతు పొలం వదిలి సగం రోజు బల్ల దగ్గర నిలబడతాడు. మధ్యాహ్నానికి ఆకుకూర వాడిపోతుంది. ఆ సగం రోజు కూలీ, ఆ వాడిన కట్టలు ఏ లెక్కలోనూ రాయరు. దళారీలను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి, తూకం దగ్గర వాళ్లతో నేను పడ్డ గొడవలు తక్కువేం కాదు.

నేరుగా అమ్మకం నిలబడిన చోట కొనేవాళ్లు కూడా బరువు ఎత్తుకున్నారు. జపాన్‌లో 1970లలో 'తేకే' పద్ధతి పుంజుకుంది. అందులో కొన్ని కుటుంబాలు రైతుతో నేరుగా ఒప్పందం చేసుకుని, పండింది తీసుకుంటాయి, సరుకు పంచే పనిలోనూ చెయ్యి వేస్తాయి. అమెరికాలో 1986లో మొదలైన సీఎస్ఏ (కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్, అంటే కొనేవాళ్ల అండతో సాగే సేద్యం) పొలాల్లో సభ్యులు సీజన్ ముందే వాటా డబ్బు కడతారు. పంట దెబ్బతింటే ఆ ఏడాది వాళ్లకూ తక్కువే అందుతుంది. అందుకే చప్పట్లు ఆగగానే, "ముందే డబ్బు కట్టేవాళ్లు చేతులెత్తండి" అని అడుగుతాను. చప్పట్లు కొట్టిన చేతుల్లో సగం కూడా లేవవు.

అపోహ: దగ్గర్లో పండింది కాబట్టి మందులు కొట్టనిదే.

దూరానికీ మందుకీ సంబంధం లేదు. సేంద్రియం అన్నా అసలు ఏమీ చల్లలేదని కాదు. బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపింది), గంధకం లాంటివాటిని చాలా సేంద్రియ ప్రమాణాలు షరతులతో ఒప్పుకుంటాయి. "మందు కొట్టావా?" అని నిలదీస్తే ఏ రైతైనా ముడుచుకుపోతాడు. "ఏం కొట్టారు, కోతకు ఎన్ని రోజుల ముందు?" అని అడగండి, వివరంగా చెబుతారు. పొలానికి వెళ్లి చూస్తే ఇంకా మంచిది. రైతులూ కొనేవాళ్లూ కలిసి పొలాలు చూసి పూచీ ఇచ్చే పీజీఎస్ పద్ధతికి మూలం అదే.

అపోహ: దగ్గరిది తింటే చాలు, వాతావరణం బాగుపడుతుంది.

జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే పరిశోధకులు 119 దేశాల్లోని సుమారు 38,700 పొలాల వివరాలతో 2018లో వేసిన లెక్కలో, తిండి వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా దాదాపు 6 శాతమే. విమానంలో వచ్చే సరుకు సంగతి వేరు. మిగతా వాటిలో ఏం తింటున్నాం, దాన్ని ఎలా పండించారన్నదే పెద్ద విషయం. దగ్గరిది కొనడానికి తాజాదనం ఒక్కటి చాలదా?

అపోహ: ప్రపంచం తిండిలో 80 శాతం చిన్న రైతులదే.

ఈ పోస్టరు నేనూ ఒకసారి వేయించాను, సిగ్గుగానే ఉంది. విలువ లెక్కన సుమారు 80 శాతం కుటుంబ సేద్యానిది. వందల ఎకరాల కుటుంబ కమతాలూ అందులోకే వస్తాయి. 2021లో ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ చెప్పిన ప్రకారం రెండు హెక్టార్ల లోపు, అంటే దాదాపు అయిదెకరాల లోపు రైతులు పండించేది సుమారు 35 శాతం. అదీ సాగుభూమిలో 12 శాతం మీదే! నిజం లెక్కే ఇంత గట్టిగా ఉంటే పెంచి చెప్పడం దేనికి?

అపోహ: రైతులు సభల్లో మాట్లాడరు.

మైకు ఇస్తే మాట్లాడరు, టీ ఇస్తే మాట్లాడతారు. అందుకే చివరి గంటలో టీ తప్ప ఏ కార్యక్రమమూ పెట్టను. పోయిన సభలో ముగ్గురు రైతులు కలిసి ఒకే బండి మాట్లాడుకున్నది టీ బల్ల దగ్గరే. మినిట్స్‌లో అది రాయడం నేనే మర్చిపోయాను.