వేగిస చెక్క గ్లాసు: పిల్లలకు ఉత్తరం

తిరుపతి

చిన్నారులూ,

ఇంట్లో అవ్వకో తాతకో షుగరుంటే, పరగడుపున చెక్క గ్లాసులోంచి గోధుమరంగు నీళ్ళు తాగడం చూసే ఉంటారు. ఆ చెక్క వేగిస చెట్టుది. విజయసార అన్నా ఇదే. మన శేషాచలం అడవుల్లోదే, ఎర్రచందనానికి దగ్గరి చుట్టం. రెండింటి కాయా ఒకే తీరు: చుట్టూ పల్చటి రెక్క, నడుమ గింజ, గుండ్రంగా రూపాయి బిళ్ళలాగా. తేడా ఆకులో తెలుస్తుంది. ఎర్రచందనానికి ఒక ఈనెకు మామూలుగా మూడు ఆకులు, వేగిసకు అయిదు నుంచి ఏడు. వేగిస బెరడు మీద గాటు పడితే నెత్తురులాంటి జిగురు కారుతుంది. చూద్దామని మీరు గాటు పెట్టొద్దు.

ముందు ఆ నీళ్ళను కళ్ళారా చూడండి. చేవలోంచి, అంటే మాను నడిమి గట్టిభాగంలోంచి తీసిన చెక్కముక్క, బొటనవేలంత చాలు, ఒక గాజు గ్లాసుడు నీళ్ళలో వేసి రాత్రంతా ఉంచండి. తెల్లారి ఎండలో నల్లగుడ్డ ముందు పెట్టి పక్కనుంచి చూస్తే, తేనెరంగు నీళ్ళ అంచున నీలంగా, పచ్చగా ఒక మెరుపు ఆడుతుంది. చెక్కలోని పదార్థాలు నీళ్ళలోకి దిగి, వెలుగును పీల్చుకుని వేరే రంగులో వదిలితే వచ్చే మెరుపు అది. ఎర్రచందనం ముక్క వేస్తే ఇలా కాదు. దాని ఎరుపు నీళ్ళలో దాదాపు కరగదు, స్పిరిటులో అయితే కరుగుతుంది. పైగా ఆ చెక్క బరువుకు నీళ్ళలో మునుగుతుంది.

నీళ్ళలోకి ఏదో దిగుతున్న మాట నిజం. అది షుగరును తగ్గిస్తుందా అనేదే అసలు ప్రశ్న. ఈ చేవలోంచి టెరోస్టిల్బీన్, మార్సుప్సిన్ వంటి పదార్థాలను వేరుచేసి, షుగరు తెప్పించిన ఎలుకలకిస్తే రక్తంలో చక్కెర తగ్గింది. 1980ల్లో ఇంకో పెద్ద మాట వినిపించింది. ఈ చెట్టులోని ఎపికాటెచిన్ అనే పదార్థం ఇస్తే, ఎలుకల క్లోమంలో చచ్చిపోయిన ఇన్సులిన్ కణాలు మళ్ళీ పుట్టాయన్నారు. వేరే ప్రయోగశాలలు అదే పని చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. ఒకచోట వచ్చింది ఇంకోచోట రాకపోతే దాన్ని నమ్మి మందు మింగకూడదు. ఆ పాత మాటను ఇప్పటికీ ప్రచారంలో వాడుకునేవాళ్ళున్నారు, అందుకే చెబుతున్నా.

మనుషుల మీద జరిగిన పరీక్షకు విలువెక్కువ. భారత వైద్య పరిశోధన మండలి కొత్తగా షుగరు బయటపడిన 97 మందికి విజయసార ఇచ్చి, 12 వారాలు చూసి, 1998లో ఫలితాలు ప్రచురించింది. రోజుకు 2 గ్రాములతో మొదలు, చాలకపోతే 3, ఆపైన 4. 67 మందికి చక్కెర అదుపులోకి వచ్చింది. పరగడుపు సగటు 151 నుంచి 119కి దిగింది. మంచి ఫలితమే. కానీ పక్కన పోల్చడానికి మందులేని ఉత్తి బిళ్ళ ఇచ్చిన గుంపు లేదు. షుగరుందని తెలిసిన మనిషి అన్నం తగ్గిస్తాడు, పొద్దున్నే నడుస్తాడు. తగ్గినదాంట్లో మందు వంతెంత, నడక వంతెంత? ఆ పరీక్ష ఒక్కటే చెప్పలేదు. తర్వాత టోల్బ్యుటమైడ్ అనే షుగరు మాత్రతో పోల్చి, ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియకుండా ఇంకో పరీక్ష చేశారు. చెయ్యాల్సిన పద్ధతి అదే.

ఆ రోగులకు మందు తూచి ఇచ్చారు. అవ్వ గ్లాసులో ఎంత దిగుతుందో ఎవరికీ తెలియదు. కొత్త గ్లాసు తొలి వారం చిక్కటి రంగు వదులుతుంది, పోనుపోను వెలిసిపోతుంది. అంటే రోజుకో మోతాదు. చెట్టు వయసు, చేవా బెరడా, నీళ్ళు ఎంతసేపు నిలిచాయి, అన్నీ దాన్ని మారుస్తాయి. గ్లాసుకు వార్నిష్ పూసి ఉంటే అది కూడా నీళ్ళలోకి దిగుతుంది. రోజూ కడిగి, బోర్లించి ఆరబెట్టకపోతే లోపల బూజు పడుతుంది. వాసన మారిన గ్లాసును పారెయ్యండి.

అవ్వ ఆ నీళ్ళు తాగుతుంటే డాక్టరుకు చెప్పండి. మాత్ర మానెయ్యనివ్వొద్దు. మాత్రా, ఈ నీళ్ళూ కలిసి చక్కెరను మరీ దించెయ్యవచ్చు. చల్లటి చెమట, చేతుల వణుకు, కంగారు కనిపిస్తే వెంటనే వేలు పొడిచి చక్కెర ఎంతుందో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోను చెయ్యండి.

నీళ్ళు పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవాలంటే ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, పరగడుపు చక్కెర, వేసుకున్న మాత్ర, తాగిన నీళ్ళు, నడిచిన నిమిషాలు, అన్నీ రాయండి. నీళ్ళు మొదలుపెట్టకముందు ఒకసారి, మూడు నెలలకు ఇంకోసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. అది సుమారు మూడు నెలల సగటు చెబుతుంది, కాబట్టి వారానికే చేయిస్తే తేడా తెలియదు. ఆ పుస్తకం తీసుకెళ్ళి డాక్టరు ముందు పెట్టండి.

ఇట్లు,
మీ తాత