నెల్లూరు వీధులు, పార్కింగ్: అపోహలు - వాస్తవాలు

ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. స్థలం కొలవడానికి టేపు పట్టుకుని వెళ్తే పక్కింటివాళ్లు కూడా వచ్చి నిలబడతారు. అక్కడ ఎక్కువగా వినపడే మాటలు ఇవి.

అపోహ: మా నెల్లూరు చిన్న బజారుకు పార్కింగ్ లేకపోవడమే అసలు జబ్బు.

వాస్తవం: ఒక కారు నిలవాలంటే 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు కావాలి. వచ్చిపోయే దారి, తిప్పుకునే చోటు కలిపితే సుమారు 23 చదరపు మీటర్లు, అంటే దాదాపు 250 చదరపు అడుగులు. చిన్న బజారులో అంతకన్నా చిన్న కొట్ల మీద కుటుంబాలు బతుకుతున్నాయి. కారు ఒక్కటి నిలిచే చోట ఐదారు బైకులు పడతాయి. సరే, ఆ బైకులు ఎవరివి? ఒక బట్టల కొట్టాయన "బండి పెట్టే చోటు లేక బేరాలు పోతున్నాయన్నా" అని వాపోతే, ఆయన కొట్టు ముందే టీ తాగుతూ కూర్చున్నా. పదింటికి నిలిపిన నాలుగు బైకులు ఒంటిగంటకీ కదల్లేదు. రెండు గుమాస్తాలవి, ఒకటి పక్క కొట్టువాళ్లది, నాలుగోది ఆయనదే. గంటకింత అని రుసుము పెడితే ఇవి వెనక సందులోకి పోతాయి, కొనేవాళ్లకు చోటు మిగులుతుంది. ఈ మాట అన్నందుకు టీ డబ్బులు నాచేతే ఇప్పించాడు.

అపోహ: అపార్ట్‌మెంట్లు లేస్తే రోడ్లు నిండిపోతాయి.

వాస్తవం: కాలవలూ నీళ్లూ చాలని చోట ఐదంతస్తులు లేపడం తప్పే, కాదనను. ట్రాఫిక్ సంగతి వేరు. పాలు, మందులు, బడి పది నిమిషాల నడకలో ఉంటే బండి తాళం తీయరు. ఆ కొట్లు నడవాలంటే చుట్టూ సరిపడా కుటుంబాలు ఉండాలి. ఊరి బయట వెంచర్లో ఇల్లు కట్టుకున్నవాళ్లు కొత్తిమీర కట్టకు కూడా బండి తీస్తారు. ఆ బళ్లన్నీ చివరికి తేలేది ఊరి నడుమ ట్రంక్ రోడ్డు మీదే.

అపోహ: తోపుడు బండ్లు తీసేస్తే చాలు, ట్రాఫిక్ తీరిపోతుంది.

వాస్తవం: వాళ్లకు చోటు చూపించాలని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టమే చెబుతోంది. తోపుడు బండి పక్కన ఆగిన కార్లనూ ఒకసారి లెక్కపెట్టండి, దారికి అడ్డం ఏదో తెలుస్తుంది.

అపోహ: ఈ ఎండలో ఎవరు నడుస్తారు?

వాస్తవం: నీడ ఉంటే నడుస్తారు. ఎండకన్నా పెద్ద అడ్డం ర్యాంపులు. మొన్న ఒక వీధిలో చూశా. సైడు కాలవ మీద ఇంటింటికీ ర్యాంపు, ఒకటి జానెడు ఎత్తు, పక్కది మూరెడు. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడ వాటిని ఎక్కి దిగలేక రోడ్డు మీదే నడుస్తోంది, వెనక ఆటో హారన్. ఫుట్‌పాత్ మీద అడ్డులేని దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని రోడ్ల కొలతలు, ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం. టేపు పెడితే ఆ వీధి పొడుగునా మీటరు కూడా దొరకలేదు. ఆ ర్యాంపుల్లో రెండు నేను ప్లాన్ గీసిన ఇళ్లవే. నేను గీసింది గేటు దాకానే, బయటిది మేస్త్రీ కలిపాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నా, ఏమీ అనలేదు.